జన్యులోపానికి కత్తెర దొరికింది... ధరకేది?

న్యూఢిల్లీ : జన్యువులోని ఒకే ఒక్క దోషం కారణంగా జీవితాంతం నొప్పులతో కుమిలిపోయే సికిల్ సెల్ రోగులకు జన్యు చికిత్స విముక్తి మార్గం చూపింది. క్రిస్పర్ అనే జన్యు కత్తెర సాయంతో రూపొందిన 'క్యాస్‌జెవీ' చికిత్సకు 2023 నవంబరులో బ్రిటన్, ఆ మరుసటి నెలలో అమెరికా అనుమతినిచ్చాయి. అయితే అమెరికాలో దీని ధర 22 లక్షల డాలర్లు. అప్పటి మారకపు రేటు ప్రకారం సుమారు 18 కోట్ల రూపాయలు. మన దేశంలో ఈ వ్యాధి అధికంగా కనిపించేది గిరిజన తెగలలోనే కావడంతో, ఈ అంకె ముందు వైద్యశాస్త్ర విజయం చిన్నబోతోంది.

భారతదేశంలో ఈ వ్యాధిని తొలిసారిగా 1952లో నీలగిరి గిరిజనులలో గుర్తించారు. గుండ్రంగా, మెత్తగా ఉండవలసిన ఎర్ర రక్తకణాలు ఈ రోగులలో కొడవలి ఆకారంలోకి వంగిపోయి సన్నటి రక్తనాళాలను మూసివేస్తాయి. ఫలితంగా ఎముకలలోను, ఛాతీలోను భరించరాని నొప్పి పుడుతుంది. తల్లి, తండ్రి ఇద్దరి నుంచీ దోషం సంక్రమిస్తేనే వ్యాధి వస్తుంది. ఒకరి నుంచే సంక్రమించిన వారు సాధారణంగా ఆరోగ్యంగానే ఉంటారు. పైగా వారికి మలేరియా నుంచి కొంత రక్షణ కూడా లభిస్తుంది. మలేరియా పీడిత అటవీ ప్రాంతాలలో ఈ జన్యువు తరతరాలుగా నిలిచిపోవడానికి కారణం ఇదే.

2047 నాటికి ఈ వ్యాధిని నిర్మూలించాలన్న లక్ష్యంతో ప్రధాని నరేంద్ర మోదీ 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షాడోల్‌లో జాతీయ కార్యక్రమాన్ని ప్రారంభించారు. ఏడు కోట్ల మందికి రక్తపరీక్షలు జరపాలన్నది సంకల్పం. ఇందుకు ఎంపికైన 17 రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కూడా ఉన్నాయి.

తల్లి గర్భంలోని శిశువు రక్తంలో వేరొక రకం హిమోగ్లోబిన్ ఉంటుంది. పుట్టిన కొద్ది నెలలకు ఒక జన్యువు దాని ఉత్పత్తిని దాదాపుగా ఆపివేస్తుంది. రోగి మూలకణాలను వెలికితీసి, ప్రయోగశాలలో ఆ ఆపివేసే జన్యువు పనిచేయకుండా కత్తిరిస్తారు. అనంతరం శక్తిమంతమైన కీమోథెరపీతో ఎముక మూలుగను ఖాళీ చేసి, మార్చిన కణాలను తిరిగి ఎక్కిస్తారు. దోషం ఉన్న జన్యువు అలాగే ఉంటుంది. చెడిన బావిని బాగుచేయడానికి బదులు, పూడ్చివేసిన పాత బావిని తిరిగి తవ్వుకోవడం వంటిదన్నమాట. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ పరిశీలించిన 31 మంది రోగులలో 29 మందికి కనీసం ఏడాదిపాటు తీవ్రమైన నొప్పి రాలేదు.

అసలు చిక్కు కీమోథెరపీతోనే. దానివల్ల సంతాన సామర్థ్యం శాశ్వతంగా దెబ్బతినవచ్చు. ఈ చికిత్సను 12 ఏళ్లు నిండిన వారికి అనుమతించారు. పన్నెండేళ్ల బాలికకు రేపు పిల్లలు పుట్టే అవకాశాన్ని ఈనాడు తల్లిదండ్రులు పణంగా పెట్టవచ్చునా? నొప్పితో మెలికలు తిరిగే బిడ్డను చూస్తున్న వారికి ఈ ప్రశ్న వేయడమే క్రూరంగా తోచవచ్చు. కాని వేయక తప్పదు.

ఎందుకంటే, ఈ రంగం చరిత్రలో అడగని ప్రశ్నలకు మూల్యం చెల్లించినవారు ఉన్నారు. 1990 సెప్టెంబరు 14న అమెరికాలో నాలుగేళ్ల బాలికకు జరిపిన తొలి అధీకృత ప్రయోగం ఎన్నో ఆశలు రేకెత్తించింది. 1999లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ ప్రయోగంలో జెస్సీ జెల్సింగర్ అనే 18 ఏళ్ల యువకుడు, జన్యువును మోసుకుపోయే వైరస్‌ను ఎక్కించిన నాలుగు రోజులకే మరణించాడు. అంతకుముందు ఇటువంటి ప్రయోగాలలో కోతులు చనిపోయిన సంగతి అంగీకార పత్రంలో లేదని అనంతరం వెల్లడైంది. ఇంగ్లీషు చదువుకున్న కుటుంబానికే ఈ గతి పడితే, గోండి, కోయ మాత్రమే తెలిసిన కుటుంబం వేలిముద్ర వేసే పత్రం మాటేమిటన్నది ఆలోచించవలసిన విషయం.

ధర తగ్గించే యత్నాలు స్వదేశంలో సాగుతున్నాయి. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల వైద్యులు హిమోఫీలియా రోగులు ఐదుగురికి జన్యు చికిత్స జరిపి, రక్తస్రావాలు ఆగిపోయినట్లు 2024 డిసెంబరులో ప్రకటించారు. ఢిల్లీలోని జీనోమిక్స్ పరిశోధన సంస్థ సికిల్ సెల్ కోసం రూపొందించిన క్రిస్పర్ చికిత్సకు 2025 నవంబరులో బిర్సా ముండా పేరు పెట్టారు. పేరు గిరిజన వీరునిదే. గిరిజనులకు ఎంతకు అందుతుందన్నదే తేలవలసి ఉంది.

మరొక విషయం గమనార్హం. ఈ చికిత్స రక్తకణాలకే పరిమితం. కోలుకున్న రోగి నుంచి సంతానానికి దోషం సంక్రమించే అవకాశం యథాతథంగా ఉంటుంది. దానిని కూడా అరికట్టాలంటే పిండంలోనే జన్యువును మార్చాలి. 2018లో చైనా శాస్త్రవేత్త హ జియాన్‌క్వీ మరొక కారణం చెప్పి అదే పని చేసి, కవల ఆడశిశువులు జన్మించినట్లు ప్రకటించి ప్రపంచాన్ని నివ్వెరపరిచాడు. మరుసటి ఏడాది అతనికి మూడేళ్ల జైలుశిక్ష పడింది. భారత వైద్య పరిశోధన మండలి 2019 నాటి మార్గదర్శకాలు కూడా ఇటువంటి మార్పులను నిషేధించాయి.

కాగా, నొప్పి తీవ్రతను తగ్గించే హైడ్రాక్సీయూరియా మాత్ర చాలా కాలంగా వాడుకలో ఉంది. ఖరీదు స్వల్పమే. అయితే రోజూ క్రమం తప్పక వేసుకోవాలి, మధ్యమధ్య రక్తపరీక్ష చేయించుకోవాలి. అందుకు ఏజెన్సీ గ్రామానికి చేరువలో ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, అందులో మందు నిల్వ, పరీక్ష చేసే మనిషి ఉండాలి.