కారు ఊరికే అరవదు

సరోజినీ నగర్ లాంటి ప్రభుత్వ క్వార్టర్ల కాలనీలో కార్లు ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడి ఉంటాయి. వాటిలో చాలా వాటికి వేరే రాష్ట్రాల నంబర్లే. బదిలీల మీద తిరిగేవాళ్ళం కదా, మంచాలూ గిన్నెలతో పాటు కారు కూడా మాతోనే తిరుగుతుంది. అలా తిరిగి పాతబడ్డ కారు జనవరి చలిలో తెల్లవారుజామున నాలుగింటికి సైరన్ అందుకుందంటే బ్లాకు మొత్తం లేస్తుంది. ఒక్కో కిటికీ తెరుచుకుని "కిస్‌కీ గాడీ హై?" అనే కేకలు మొదలవుతాయి.

ఇది నిద్ర చెడటంతో పోయే విషయం కాదు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు 45 డెసిబెల్స్ దాటకూడదు. బోర్డు పరీక్షలకు చదువుకునే పిల్లలున్న ఇళ్ళలో ఆ 45 విలువ బాగా తెలుస్తుంది. పైగా ఈ కాలనీ మార్కెట్‌లో 2005 అక్టోబర్ 29న, దీపావళికి ముందు, బాంబు పేలి ఎందరో చనిపోయారు. ఇలాంటి చోట యజమాని దగ్గర లేని బండి అరిస్తే జనం ఉలిక్కిపడాలి. కానీ రోజూ అరిచే కారును ఎవరూ పట్టించుకోరు. 'నాన్నా పులి' కథలో పిల్లవాడి పరిస్థితే దానిదీ. నిజంగా దొంగ వచ్చిన రోజున కూడా కిటికీలు తెరుచుకోవు.

కంపెనీ నుంచే బిగించి వచ్చిన అలారం ఎలా పనిచేస్తుందో ముందు చూద్దాం. కారులో ఒక చిన్న ఎలక్ట్రానిక్ పెట్టె ఉంటుంది. తలుపులకూ, బానెట్‌కూ, డిక్కీకీ ఉన్న స్విచ్‌ల నుంచి దానికి వైర్లు వస్తాయి. రిమోట్‌తో తాళం వేయగానే అది కాపలా మొదలుపెడుతుంది. ఆ తర్వాత ఏ స్విచ్ అయినా 'తెరుచుకుంది' అని కబురు పంపితే సైరన్ మోగిస్తుంది, ఇండికేటర్లు వెలిగించి ఆర్పుతుంది. దానికి కళ్ళు లేవు. స్విచ్ చెప్పిందే దానికి సత్యం. అందుకే అలారం అకారణంగా మోగితే చాలాసార్లు ఆ పెట్టెలో లోపం ఉండదు. దానికి అందిన కబురే తప్పు. ఆ తప్పుడు కబురు ఎవరు పంపారో పట్టుకోవడమే మన పని.

దీనికి మొదటి పనిముట్టు పానా కాదు, పెన్ను. మోగిన ప్రతిసారీ తేదీ, సమయం, వాతావరణం రాసిపెట్టుకోవాలి. తాళం వేసిన కొన్ని క్షణాలకే మోగితే ఏదో తలుపు సరిగా పడలేదని అనుమానించాలి. వాన వెలిసాక మోగితే స్విచ్‌లోకి తేమ చేరి ఉండవచ్చు. లారీ వెళ్ళినప్పుడో టపాకాయ పేలినప్పుడో మోగితే అదురును పసిగట్టే సెన్సర్ ఉందనీ, అది మరీ సున్నితంగా ఉందనీ అర్థం. మండే మధ్యాహ్నం అద్దం వేలెడంత దించి ఉన్నప్పుడు మోగితే, కారు లోపలి కదలికలను కనిపెట్టే అల్ట్రాసోనిక్ సెన్సర్ లోపల కదిలే గాలిని మనిషిగా భ్రమపడి ఉంటుంది. ఈ రెండు సెన్సర్లూ అన్ని కార్లలో ఉండవు. మన కారులో ఉన్నాయో లేదో కారుతో వచ్చిన పుస్తకం చూస్తే తెలుస్తుంది. ఆ పుస్తకాన్ని పాత కాగితాల వాడికి వేయకుండా దాచుకోవడం మంచిది.

తర్వాత బ్యాటరీ. రాత్రంతా కదలకుండా ఉన్న కారు బ్యాటరీని మల్టీమీటర్‌తో కొలిస్తే 12.6 వోల్టులు చూపాలి. 12 దగ్గరకు దిగిందంటే దాదాపు ఖాళీ అయినట్టే. ఇంజన్ నడుస్తున్నప్పుడు 14కు అటూ ఇటూ ఉంటే ఛార్జింగ్ సరిగానే జరుగుతోంది. చలిలో బ్యాటరీలోని రసాయన చర్య మందగిస్తుంది. పాత పద్ధతి అలారాలు కొన్ని వోల్టేజీ తగ్గుదలనే 'తలుపు తెరిచారు, లోపలి దీపం వెలిగింది' అని అర్థం చేసుకుంటాయి. నీరసపడ్డ బ్యాటరీ తెల్లవారుజామున అలారం మోగించడానికి ఇదొక కారణం. టెర్మినళ్ళ మీద తెల్లగానో పచ్చగానో పేరుకున్న పొడిని కూడా శుభ్రం చేయాలి. పిల్లలు ఈ పని పెద్దలు పక్కన లేకుండా చేయకూడదు. పెద్దలైనా ఉంగరాలూ గాజులూ తీసి పెట్టి, మైనస్ టెర్మినల్ ముందు విప్పి, చివరగా బిగించాలి.

బ్యాటరీ బాగుంటే స్విచ్‌ల వంతు. తలుపు స్విచ్‌ను పరీక్షించడం తేలిక. లోపలి దీపాన్ని 'డోర్' దగ్గర పెట్టి, ఒక్క తలుపే తెరిచి, తలుపు చట్రంలోని ఆ బొడిపెను వేలితో నొక్కితే దీపం ఆరాలి. ఆరకపోతే నేరస్తుడు దొరికినట్టే. కొన్ని కార్లలో ఈ స్విచ్ తలుపు తాళంలోనే దాగి ఉంటుంది. అప్పుడు డ్యాష్‌బోర్డు మీది తలుపు గుర్తును చూడాలి.

అందరూ మరిచిపోయేది బానెట్ స్విచ్‌ను. వేడి, దుమ్ము, వాన నీరు అన్నీ దాని మీదే పడతాయి. మా పన్నెండేళ్ళ కారు విశాఖలో కొన్నది. సముద్రపు గాలి ఏ లోహాన్నీ వదలదు. ఢిల్లీ వచ్చాక రెండో చలికాలంలో అది వరసగా మూడు రాత్రులు అరిచింది, మూడుసార్లూ నాలుగు, అయిదు గంటల మధ్యనే. బ్యాటరీ 12.5 చూపింది. తలుపులన్నీ పరీక్షకు నిలిచాయి. బానెట్ ఎత్తి చూస్తే స్విచ్ స్ప్రింగుకు తుప్పు పట్టి ఉంది, దాని నెత్తిన ఉండాల్సిన రబ్బరు టోపీ అరిగిపోయి ఉంది. బానెట్ మూసినా స్విచ్ అంతంతమాత్రంగా నొక్కుకుంటోంది. చలికి లోహం, రబ్బరు వెంట్రుకవాసి కుంచించుకున్నా చాలు, ఆ పట్టు వదిలిపోతుంది. కొత్త స్విచ్ వేయించాక మళ్ళీ మోగలేదు. మెకానిక్ మాత్రం మొదట అలారం పెట్టె మొత్తం మార్చాలన్నాడు. మేము రాసిపెట్టిన సమయాలు చూపించాక బానెట్ ఎత్తాడు.

ఇక్కడొక సంగతి జాగ్రత్తగా గమనించాలి. కొన్ని కార్లలో తలుపు తెరిస్తే స్విచ్ సర్క్యూట్‌ను కలుపుతుంది, కొన్నింటిలో విడదీస్తుంది. కాబట్టి అనుమానం ఉన్న స్విచ్ వైరు లాగేసి 'చూద్దాం' అనుకుంటే ఒక కారులో అలారం ఊరుకుంటుంది, ఇంకో కారులో మరింత అరుస్తుంది. మల్టీమీటర్‌తో స్విచ్‌ను నొక్కినప్పుడు ఒకసారి, వదిలినప్పుడు ఒకసారి కొలవడమే నమ్మదగ్గ పద్ధతి. రెండు కొలతలూ ఒకేలా ఉంటే స్విచ్ చెడినట్టు. ఏది మార్చినా ఒక్కటే మార్చి, రెండు రాత్రులు చూసి, తర్వాతే ఇంకోదాని జోలికి వెళ్ళాలి. మూడు భాగాలు ఒకేసారి మారిస్తే ఏది బాగుచేసిందో ఎవరికీ తెలియదు. సైన్సు ల్యాబ్‌లో మీ టీచరు చెప్పేదీ ఇదే.

రిమోట్ సంగతి తొందరగా తేలిపోతుంది. నొక్కినా పలకకపోతే అందులోని బిళ్ళ బ్యాటరీ మార్చాలి. అది సాధారణంగా 3 వోల్టులది. ఎలుకలు కొరికిన వైర్లు, బయటి దుకాణంలో తర్వాత బిగించిన అదనపు అలారం కూడా గొడవ చేస్తాయి. రెండు అలారాలున్న కారులో ఏది అరుస్తోందో ముందు తేల్చుకోవాలి.

విసుగొచ్చి ఫ్యూజు పీకేవాళ్ళున్నారు. కొన్ని కార్లలో అలారానికీ హారన్‌కీ ఫ్యూజు ఒకటే. అది పీకితే హారన్ లేని బండి రోడ్డెక్కుతుంది. మన దేశంలో మోటారు వాహనానికి హారన్ తప్పనిసరి.

వేసవి సెలవులకు ఊరెళ్ళేవాళ్ళు ఒక లెక్క వేసుకోవాలి. నిలబడి ఉన్న కారు కూడా అలారం కోసం, గడియారం కోసం కొద్దిగా కరెంటు తాగుతూనే ఉంటుంది. అది 50 మిల్లీ యాంపియర్లు అనుకుంటే 35 యాంపియర్-అవర్ బ్యాటరీ 700 గంటల్లో, అంటే 29 రోజుల్లో అడుగంటుతుంది. సైరన్ మొదలైతే అంతకన్నా ముందే. నెల దాటి వెళ్ళేటప్పుడు కారు పుస్తకంలో చెప్పిన పద్ధతిలో మైనస్ టెర్మినల్ విప్పి, తలుపులకు తాళంచెవితో తాళం వేసి, బండి ఎక్కడుందో పక్కింటివారికి చెప్పి వెళ్ళాలి. తిరిగొచ్చి టెర్మినల్ బిగించగానే కొన్ని కార్లు ఒకసారి అరుస్తాయి. అప్పుడు రిమోట్ చేతిలోనే ఉండాలి.