పేదల పేటలో మహామందిరము
మహామందిరములు ధనికుల పేటలకే తగునను తలంపు ఎల్లదేశములందును గలదు. ఇంగ్లండునందలి బ్రైటన్ నగరమున సెంట్ బర్తలోమ్యూ దేవాలయము దీనికి ప్రత్యుత్తరము. ఆర్థర్ వాగ్నరను మతగురువు స్వధనము వెచ్చించి, 1872–74 సంవత్సరములలో, కూలివారి చిన్న యిండ్లనడుమ దీనిని గట్టించెను. పేదలకు సుమారు 400 యిండ్లు గట్టించినదియు నాతడే.

ఎడ్మండ్ స్కాట్ రచించిన యీ మందిరమునకు గోపురము లేదు. వెలుపల చెక్కడపు పని స్వల్పము. ఇటుక కట్టడము మాత్రము 135 అడుగుల యెత్తు లేచినది. తూర్పున సంకల్పించిన భాగము నిర్మింపబడనేలేదు. 1895 మొదలు హెన్రీ విల్సన్ పాలరాతి పనులతో లోపలి భాగము నలంకరించెను.

ఐనను ఆ యెత్తే దాని యైశ్వర్యము. పేదలకై కట్టునది చౌకయిటుకతో గట్టవచ్చును, కురుచగా గట్టనక్కఱలేదు. ప్రజాధనముతో పాఠశాలలును, వైద్యశాలలును గట్టించువారు ఈ సత్యమును గుర్తింతురుగాక యని మేము కోరుచున్నాము.