రెండు బిందెల లెక్క తెలిసిన మంత్రిగారు

వానాకాలం వస్తే చాలు, ప్రకాశం బ్యారేజీ నుంచి ఇన్ని వేల క్యూసెక్కులు వదిలారని వార్తల్లో వింటుంటాం. క్యూసెక్కు అంటే సెకనుకి ఒక ఘనపుటడుగు నీరు. మన ఇంటి లెక్కలో ఇంచుమించు 28 లీటర్లు. అంటే రెండు బిందెలన్నమాట!

ఈ మాటనే తన ఆత్మకథ పేరులో పెట్టుకున్న కేంద్ర మంత్రి ఒకరున్నారు. ఆయనే డాక్టర్ కానూరి లక్ష్మణరావు. మనందరికీ కె.ఎల్.రావుగారు. పుస్తకం పేరు 'ది క్యూసెక్స్ క్యాండిడేట్'.

1902లో కంకిపాడులో పుట్టారు. తొమ్మిదేళ్లకే తండ్రి పోయారు. బడిలో ఆడుకుంటుండగా ఒక కంటి చూపు పోయింది. అయినా చదువు ఆపలేదు. మద్రాసులో ఇంజనీరింగ్ చదివారు. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో 1939లో డాక్టరేట్ తీసుకున్నారు. ఢిల్లీలో కేంద్ర జల, విద్యుత్ సంఘంలో చీఫ్ ఇంజనీరయ్యారు. నాగార్జునసాగర్ రూపకల్పనలో ఆయన చెయ్యి ఉంది.

రాజకీయాల్లోకి వచ్చింది అరవైకి దగ్గర పడ్డాకే. 1962లో విజయవాడ నుంచి లోక్‌సభకి గెలిచారు. 1963లో నెహ్రూగారు నీటిపారుదల, విద్యుత్ శాఖ అప్పగించారు. తర్వాత శాస్త్రిగారు, ఇందిరాగాంధీ కూడా ఆ పని ఆయనకే ఇచ్చారు. గంగ నీళ్లు కావేరికి తేవాలన్న ఆలోచన ఆయనదే. పంపులకయ్యే కరెంటూ, ఖర్చూ చూసి ప్రభుత్వం దాన్ని పక్కన పెట్టింది. నదుల అనుసంధానం మాట వస్తే ఇప్పటికీ ఆయన పేరు తలుచుకుంటారు. 1986లో కన్నుమూశారు. పులిచింతల ప్రాజెక్టుకి ఆయన పేరే పెట్టారు.

మాది హనుమాన్ జంక్షన్. గుడివాడ వైపు వెళితే కాలువల కింద వరి చేలు, నూజివీడు వైపు వెళితే మెట్ట, మామిడి తోటలు. నీళ్ల విలువ ఇక్కడి ఆడవాళ్లకి ఒకరు చెప్పక్కర్లేదు. చదువు విలువే ఒక్కోసారి చెప్పాల్సి వస్తుంది.

మా వీధిలో ఒకమ్మాయికి చిన్నప్పుడు దెబ్బ తగిలి ఒక కన్ను కనబడదు. ఇంటర్లో లెక్కల్లో మంచి మార్కులు తెచ్చుకుంది. "ఇంజనీరింగ్ ఎందుకు వదినా? ఉన్న కన్ను కూడా పాడైపోద్ది. ఏదో సంబంధం కుదిరితే అదే పదివేలు" అంది వాళ్లమ్మ. నేను కె.ఎల్.రావుగారి సంగతి చెప్పాను. "ఆయన మగపిల్లాడు కదా!" అంది.

ఆ మాటా నిజమే. ఆ రోజుల్లో తండ్రి లేని ఆడపిల్లని చదువుకని మద్రాసు పంపిన ఇళ్లు ఎన్నుంటాయి? ఇప్పుడు కాలేజీ బస్సు మన సందు చివరే ఆగుతోంది. ముందు కంటి డాక్టరుకి చూపించమన్నాను. చదివినందువల్ల కన్ను పాడవదని ఆయన చెప్పాక తల్లి మనసు మెత్తబడింది. అమ్మాయి ఇప్పుడు సివిల్ ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం.

మంత్రి అవుతుందో లేదో ఎవరు చెప్పగలరు? కానీ పిల్లకున్న లోపాన్ని చూసి ఆమె చదువు సంగతి మనమే తేల్చేయకూడదు. వాళ్లకి ఏం చేతనవునో ముందు చూద్దాం.