పియానో కచేరీ: అపోహలు – వాస్తవాలు

అత్తిలి, తణుకు, భీమవరం వైపు కీబోర్డు నేర్చుకునే పిల్లలున్న ఇళ్లు చాలానే ఉన్నాయి. అదే ఇంటి పెద్దలను హైదరాబాద్‌లోనో చెన్నైలోనో పియానో కచేరీకి రమ్మంటే మాత్రం, ‘అది మనకెక్కడ అర్థమవుతుందండీ’ అని వెనకాడతారు. ఒక కచేరీ అనుకుందాం: మొదటి సగం బరోక్ కాలపు బాఖ్, స్కార్లట్టి; రెండో సగం రొమాంటిక్ యుగపు షోపాన్, బ్రామ్స్. ఇలాంటి కచేరీకి మనల్ని దూరం చేస్తున్న అపోహలు కొన్ని ఉన్నాయి. ఒక్కొక్కటే చూద్దాం.

అపోహ: పియానో అంటే పెద్ద హార్మోనియమే.

వాస్తవం: మెట్లు చూడ్డానికి ఒకేలా ఉంటాయి గానీ పనితీరు వేరు. షష్ఠి తీర్థంలో పద్యనాటకానికి వాయించే హార్మోనియంలో తిత్తి గాలికి రీడ్లు మోగుతాయి. గాలి ఆడినంతసేపూ స్వరం నిలుస్తుంది. పియానోలో మెట్టు నొక్కగానే మెత్తటి ఉన్ని తొడిగిన చిన్న సుత్తి తీగను కొట్టి వెనక్కి వస్తుంది. ఆ క్షణం నుంచే నాదం సన్నగిల్లుతుంది. వేలి బరువును బట్టి ఒకే స్వరం గుసగుసలాడుతుంది, గర్జిస్తుంది కూడా. 88 మెట్లకు రెండు వందలకు పైగా తీగలుంటాయి. ఈ వాద్యాన్ని 1700 ప్రాంతంలో ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో బార్టొలొమియో క్రిస్టోఫొరి తయారుచేశాడు.

అపోహ: బాఖ్ పియానో కోసమే రాశాడు.

వాస్తవం: బాఖ్, హాండెల్, స్కార్లట్టి అనే బరోక్ స్వరకర్తలు ముగ్గురూ 1685లోనే పుట్టారు. వాళ్ల కాలంలో ఇళ్లలో, కొలువుల్లో ఎక్కువగా ఉన్నది హార్ప్‌సికార్డ్. అందులో తీగను చిన్న ములుకు మీటుతుంది. ఎంత గట్టిగా నొక్కినా శబ్దం పెద్దగా మారదు. పియానో అప్పటికి కొత్త వాద్యం. బాఖ్ దాన్ని ఎరగనివాడు కాదు. 1747లో ప్రష్యా రాజు రెండో ఫ్రెడరిక్ కొలువులో సిల్బర్మన్ చేసిన పియానోలు వాయించాడు.

అపోహ: అంతా కాగితం మీద రాసిందే, మనోధర్మానికి చోటు లేదు.

వాస్తవం: అదే కొలువులో రాజు ఇచ్చిన స్వరవరస మీద బాఖ్ అక్కడికక్కడే ఫ్యూగ్ (ఒకే స్వరవరస పలు ధారల్లో తిరిగే రచన) అల్లి వినిపించాడు. రొమాంటిక్ యుగపు షోపాన్, లిస్ట్ కూడా ఆశువుగా వాయించడంలో దిట్టలు. నేటి కచేరీలో స్వరాలు మారవు. అయితే బాఖ్ చాలా రచనల్లో వేగం ఎంతో, శబ్దం ఎంతో రాయలేదు. ఆ నిర్ణయాలన్నీ వాయించేవారివే.

అపోహ: బరోక్ వట్టి లెక్కల సంగీతం, రొమాంటిక్‌లు దాన్ని తోసిపుచ్చారు.

వాస్తవం: తోసిపుచ్చలేదు సరికదా, నెత్తిన పెట్టుకున్నారు. బాఖ్ 1722లో 24 మేజర్, మైనర్ శ్రుతులకూ ఒక్కో ప్రిల్యూడ్ (నాంది లాంటి చిన్న రచన), ఒక్కో ఫ్యూగ్ కూర్చి పుస్తకంగా చేశాడు. షోపాన్ మయోర్కా దీవికి వెళుతూ ఆ పుస్తకాన్ని వెంట తీసుకెళ్లాడు. ఆయన 24 ప్రిల్యూడ్‌లు 1839లో అచ్చయ్యాయి. మెండెల్సన్ ఇరవయ్యేళ్ల వయసులో, 1829లో, బాఖ్ ‘సెయింట్ మాథ్యూ పాషన్’ను బెర్లిన్‌లో మళ్లీ వినిపించి లోకానికి గుర్తుచేశాడు. బ్రామ్స్ 1861లో హాండెల్ బాణీ ఒకటి తీసుకుని దానిమీద 25 రూపాలు కట్టి, చివర ఫ్యూగ్‌తో ముగించాడు. అందుకే ఈ రెండు యుగాలనూ ఒకే కచేరీలో పక్కపక్కన పెడతారు. ముందు గురువులను విని, తర్వాత శిష్యులను వింటాం.

అపోహ: రాగానికి అలవాటుపడిన చెవికి ఇది ఎక్కదు.

వాస్తవం: మన సంగీతంలో శ్రుతి మీద ఒకే రాగధార సాగుతుంది. ఫ్యూగ్‌లో రెండు, మూడు, నాలుగు ధారలు జడకోలాటంలో తాళ్లలా అల్లుకుంటాయి. మొదట ఒంటరిగా వినిపించే చిన్న స్వరవరసను గుర్తుపెట్టుకుని, అది ఎప్పుడు ఏ చేతిలోకి వచ్చిందో గమనిస్తే చాలు. పైగా ఈ సంగీతం మనకు మరీ కొత్తదీ కాదు. పాశ్చాత్య వాద్యమైన వయొలిన్‌ను విజయనగరంలో ద్వారం వెంకటస్వామి నాయుడు మన సంగీతానికి శిఖరం చేశారు. మన లూథరన్ సంఘాలు తెలుగులో పాడుకునే మార్టిన్ లూథర్ ‘దుర్గం’ కీర్తన బాణీ మీదే బాఖ్ ఒక కాంటాటా (గాయకులు, వాద్యాలు కలిసి వినిపించే రచన) కట్టాడు. ఇళయరాజా 1986లో తెచ్చిన ‘హౌ టు నేమ్ ఇట్’ ఆల్బమ్‌లో బాఖ్ పేరుతోనే ఒక రచన ఉంది.

అపోహ: కీబోర్డు పిల్లలు మొదట నేర్చే జీ మేజర్ మినుయెట్ బాఖ్‌ది.

వాస్తవం: అది క్రిస్టియన్ పెట్జోల్డ్ రచన. బాఖ్ భార్య ఆనా మగ్దలేనా 1725 నాటి సంగీత పుస్తకంలో ఉండటంతో చాలాకాలం బాఖ్ పేరున చలామణి అయింది. నేర్చుకునేవాళ్ల కోసం బాఖ్ రాసినవాటిలో 15 రెండు ధారల ఇన్వెన్షన్లు ఉన్నాయి.

మీ ఇంట్లో కీబోర్డు ఉంటే, సినిమా పాటలతోపాటు ఆ ఇన్వెన్షన్లలో ఒకటైనా నేర్పమని మాస్టారిని అడగండి. ఈసారి పియానో కచేరీ కబురు తెలిస్తే పిల్లల్ని తీసుకుని వెళ్లండి. దీనికి ముందస్తు పాండిత్యం అక్కర్లేదు. శ్రద్ధగా వినే చెవి చాలు.