తొట్టిలో మేఘం

హిందూపురం, పెనుకొండల నడుమ పెన్నా ఒడ్డున ఉన్న ఊరు రొద్దం. పెన్నా పేరుకు నదే గాని, ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుకే. పాత అనంతపురం జిల్లాలో ఏటా కురిసే వాన సగటున 550 మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూ. ముంగారులో మోడం పడుతుంది, గాలి లేస్తుంది, చినుకు రాలకుండానే మోడం చెదిరిపోతుంది. శెనక్కాయ రైతుకు ఇది కొత్త కాదు. ఈ ఊరి పేరే ఇంటిపేరైన ఒక ఇంజనీరింగ్ ప్రొఫెసర్, బెంగళూరులో తన శిష్యులతో కలిసి నీళ్ల తొట్టిలో మేఘాన్ని పుట్టించారు. ఆయన రొద్దం నరసింహ. ఆయన మీద వచ్చిన రాతల్లో పద్మవిభూషణ్ ముందుంటుంది, తేజస్ విమానం ముందుంటుంది. ఈ తొట్టి మాత్రం ఎక్కడో చివర ఒక వాక్యంలో దొరుకుతుంది. నాకు అది న్యాయంగా అనిపించదు.

ఆయన పుట్టింది 1933లో, బెంగళూరులో. తండ్రి ఆర్.ఎల్. నరసింహయ్య అక్కడి సెంట్రల్ కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పేవారు. కొడుకు మెకానికల్ ఇంజనీరింగ్ చదివి, బెంగళూరు వాళ్లు నేటికీ టాటా ఇన్‌స్టిట్యూట్ అనే ఐఐఎస్సీలో సతీశ్ ధవన్ దగ్గర చేరారు. అక్కడ పట్టుకున్న ప్రశ్నను జీవితాంతం వదల్లేదు. నునుపుగా సాగుతున్న ప్రవాహం ఎక్కడ, ఎలా సుడులు తిరగడం మొదలెడుతుంది? 1961లో కాల్‌టెక్‌లో లీప్‌మన్ దగ్గర డాక్టరేట్ పూర్తి చేసుకుని, మరుసటి ఏడు ఐఐఎస్సీకి తిరిగొచ్చి పాఠాలు చెప్పడం మొదలుపెట్టారు. 1984 నుంచి 1993 దాకా నేషనల్ ఏరోనాటికల్ లేబొరేటరీకి, అంటే ఎన్ఏఎల్‌కు, డైరెక్టర్.

తొట్టి కథకు ముందు ఎన్ఏఎల్‌లో పుట్టిన ఇంకో యంత్రం గురించి చెప్పాలి. రెక్క చుట్టూ గాలిని లెక్కకట్టాలంటే పెద్ద కంప్యూటర్ కావాలి. 1980లలో అమెరికా క్రే యంత్రాలను అడిగినవాళ్లందరికీ అమ్మేది కాదు. భారత్ అడిగిన దానికంటే చిన్నదాన్ని, అదీ వాతావరణ అంచనాలకే వాడాలన్న షరతు మీద, బేరాలు తెమిలాక ఇచ్చింది. ఎన్ఏఎల్ వాళ్లు అంతదాకా ఆగలేదు. మామూలు పీసీల జాతికి చెందిన ఇంటెల్ 8086 చిప్పులు నాలుగు తీసుకుని, తోడుగా 8087 లెక్కల చిప్పులు పెట్టి, పనిని నాలుగు పాళ్లుగా పంచారు. 1986 డిసెంబరులో నడిచిన ఆ యంత్రం పేరు ఫ్లోసాల్వర్. దేశంలో తొలి సమాంతర కంప్యూటర్‌గా చెప్పుకునేది దాన్నే. పుణెలో పరమ్ 8000 వచ్చింది 1991లో. హైదరాబాద్‌లో డీఆర్‌డీఓ వారి అనురాగ్ సంస్థ పేస్ యంత్రాన్ని కట్టింది కూడా ఫ్లోసాల్వర్ తర్వాతే.

విమానం కోసం పుట్టిన ఫ్లోసాల్వర్‌ను తరవాత రుతుపవనాల లెక్కకూ వాడారు. చిక్కు అక్కడ మొదలైంది. ఆ రోజుల్లో వాడిన టీ-80 అనే వాతావరణ నమూనా భూమిని గళ్లుగా కోస్తుంది. ఒక్కో గడి వెడల్పు సుమారు 150 కిలోమీటర్లు. రొద్దం, హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ఒకే గడిలో ఇమిడిపోతాయి. కిలోమీటరు, రెండు కిలోమీటర్ల మేఘం ఆ కంప్యూటర్ కంట పడే ప్రసక్తే లేదు. కాబట్టి మేఘం ఎలా నడుచుకుంటుందో దానికి ఒక సూత్రంగా మనమే చెప్పాలి. ఆ సూత్రమే ఎవరికీ నమ్మకంగా తెలియదు.

అసలు మేఘం బతుకు దాని అంచున ఉంది. పైకి లేచే గాలి చుట్టుపక్కల పొడి గాలిని లోపలికి లాక్కుంటుంది. ఎక్కువ లాక్కుంటే చినుకులు ఆవిరై మేఘం చస్తుంది. 1956లో మార్టన్, టేలర్, టర్నర్ దీనికి ఒక సులువైన లెక్క ఇచ్చారు. లోపలికి వచ్చే గాలి వేగం, పైకి లేచే వేగంలో ఒక స్థిరమైన పాలు అన్నారు. ఊదుబత్తి పొగకు ఇది చక్కగా సరిపోతుంది. పొగ పైకి పోయేకొద్దీ గరాటులా వెడల్పవుతుంది, పలచనవుతుంది. కాని ఎండాకాలం సాయంత్రం లేచే మోడాన్ని చూడండి. అది గరాటులా ఉండదు, గోపురంలా నిటారుగా లేస్తుంది. ఈ లెక్కతో మేఘం ఎత్తు కుదిరితే అందులోని నీటి పాలు కుదరదని 1970లో వార్నర్ ఎత్తిచూపారు.

పొగకూ మేఘానికీ తేడా ఏమిటి? పొగకు వేడి అడుగునే అందుతుంది. మేఘానికి దారి పొడవునా అందుతుంది. కిలో ఆవిరి నీరుగా మారితే వెలువడే వేడి, ఏడు కిలోల చల్లని నీళ్లను మరిగేదాకా కాచగలదు. అంటే మేఘం తన పొయ్యిని తనలోనే మోసుకెళ్తుంది. దీన్ని ప్రయోగశాలలో చూపాలంటే, పైకి లేస్తున్న ధారకు నడి దారిలో, దాని ఒంటి లోపలే వేడి పెట్టాలి. కడ్డీ దించితే ప్రవాహం చెదురుతుంది. బయటి నుంచి కాస్తే చుట్టూ ఉన్న నీళ్లూ కాగుతాయి.

బెంగళూరు జట్టు పట్టిన ఉపాయం ఇంజనీరు బుర్రకు తట్టేదే. గాజు తొట్టిలో శుద్ధమైన నీళ్లు నింపారు. వాటిలోంచి కరెంటు అంతగా పారదు. అడుగునున్న నాజిల్‌లోంచి పైకి చిమ్మే ధారలో మాత్రం కొంచెం ఆమ్లం కలిపారు. దాంట్లోంచి కరెంటు పారుతుంది. ధార దారిలో సన్నని తీగల వలలు అంతస్తులుగా పరిచి వాటికి కరెంటు ఇచ్చారు. ధార ఎక్కడుంటే అక్కడే వేడి పుడుతుంది, పక్కనున్న నీళ్లు చల్లగానే ఉంటాయి. మామూలు డీసీ ఇస్తే నీరు విడిపోయి బుడగలొస్తాయి, బుడగలు ప్రవాహాన్ని పాడుచేస్తాయి. అందుకని అధిక పౌనఃపున్యపు ఏసీ వాడారు. ధారలో రంగు కలిపి, లేజర్ కాంతిని పలకలా పంపితే, మేఘాన్ని కత్తితో నిలువుగా కోసి చూసినట్టే. కిలోమీటర్ల మేఘానికీ, మీటరు కూడా లేని ధారకూ పోలికేమిటని అడగొచ్చు. విమానం నమూనాను గాలి సొరంగంలో పెట్టే ఇంజనీరుకు ఈ సందేహం రాదు. కొలతలు కలవనక్కర్లేదు. పుట్టే వేడికీ ప్రవాహపు ఊపుకూ ఉన్న నిష్పత్తి కలిస్తే చాలు.

జి.ఎస్. భట్‌తో కలిసి నరసింహ 1996లో ప్రచురించిన ఫలితం ఇది. వేడి అందిన మేర ధార వెడల్పవడం దాదాపు ఆగిపోయింది. పక్క నీటిని లోపలికి లాగే పెద్ద పెద్ద సుడులు ముక్కలైపోయాయి. లాక్కోవడం తగ్గింది. స్థిరమైన పాలు అన్న 1956 నాటి సూత్రం మేఘానికి ఎందుకు పొసగదో తీగల వల మీద కనబడింది. తరవాత బెంగళూరులోనే జవహర్‌లాల్ నెహ్రూ సెంటర్ అనే పరిశోధన సంస్థలో ప్రయోగం ఇంకో అడుగు వేసింది. వేడిని ఎప్పుడు, ఏ ఎత్తున, ఎంతసేపు ఇవ్వాలో మార్చుతూ పోతే తొట్టిలో గోపుర మేఘాలు, పుట్టగొడుగు మేఘాలు ఆకాశంలో ఉన్నట్టే లేచాయి. సౌరభ్ దివాన్, దువ్వూరి సుబ్రహ్మణ్యం, కె.ఆర్. శ్రీనివాస్, భట్‌లతో కలిసి ఆ వివరాలు 2011లో అమెరికా నేషనల్ అకాడమీ పత్రికలో రాశారు. అప్పటికి నరసింహకు 77 ఏళ్లు దాటాయి.

2000ల దశకంలో ప్రభుత్వం అనంతపురం జిల్లా మీద విమానాలతో మేఘమథనం చేయించింది. రసాయనం చల్లితే మేఘంలోని చినుకు లావెక్కుతుందన్న ఆశ దానికి ఆధారం. తొట్టి అడిగిన ప్రశ్న దానికి ముందుది: ఆ మేఘం పొడి గాలిని ఎంత మింగింది, అసలు చినుకు లావెక్కేదాకా నిలుస్తుందా? జనంలోనూ పత్రికల్లోనూ మొదటి దాని మీద జరిగినంత చర్చ రెండోదాని మీద జరగలేదు. విమానం ఫొటోకు ఎక్కుతుంది, సుడి ఎక్కదు.

తొట్టికీ హద్దులున్నాయి. అందులో చినుకులు లేవు. చినుకు ఆవిరైనప్పుడు చుట్టూ గాలి చల్లబడి కిందికి జారుతుంది. వేడి పెట్టడం తెలిసిన తీగల వలకు చల్లబరచడం రాదు. ఆ లోటు పూడ్చడానికి కంప్యూటర్ కావాలి. నరసింహ బృందం అదే ధారను కంప్యూటర్‌లో సుడి సుడిగా లెక్కకట్టి తొట్టి కొలతలతో పోల్చింది. ఫ్లోసాల్వర్ వంశమూ తొట్టి వంశమూ ఒక చోట కలిశాయి.

నరసింహ 2020 డిసెంబరు 14న బెంగళూరులో కన్నుమూశారు. ఆయన ఉండగానే మన వాతావరణ శాఖ నమూనా గడి 12 కిలోమీటర్లకు దిగింది. 2025 మేలో వచ్చిన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్‌లో అది 6 కిలోమీటర్లు. ఇప్పుడు రొద్దానికో గడి, పెనుకొండకో గడి ఉన్నాయి. అయినా ఒంటరి మోడం ఆ గడిలోనూ పట్టదు. దాని అంచున ఏం జరుగుతుందో ఇప్పటికీ సూత్రంగానే రాసివ్వాలి.