క్లౌడ్ సర్వర్‌కి రెండో నెట్‌వర్క్ కార్డ్: అటాచ్ చేస్తే పని అయిపోయినట్టేనా?

డ్యూయల్ సిమ్ ఫోన్ మనందరికీ అలవాటే. ఫోన్ పాడైతే సిమ్ తీసి ఇంకో ఫోన్‌లో వేస్తాం. ఫోన్ మారుతుంది, నంబర్ మాత్రం అదే ఉంటుంది. మనకి కాల్ చేసేవాళ్లకి ఫోన్ మారిన సంగతే తెలియదు. క్లౌడ్ సర్వర్లలో కూడా ఇంచుమించు ఇలాంటి ఏర్పాటే ఉంది. దాని పేరు వర్చువల్ నెట్‌వర్క్ ఇంటర్‌ఫేస్. అమెజాన్ వెబ్ సర్వీసెస్‌లో, అంటే ఏడబ్ల్యూఎస్‌లో, దీన్ని ఎలాస్టిక్ నెట్‌వర్క్ ఇంటర్‌ఫేస్ అంటారు. షార్ట్‌గా ఈఎన్ఐ. 2011 నుంచీ ఉన్న ఫీచరే ఇది.

నేను బ్యాకెండ్ టీమ్‌లో పనిచేస్తాను. క్లౌడ్ నేర్చుకుంటున్న జూనియర్లు నన్ను తరచుగా అడిగే డౌట్ ఒకటుంది. "రెండో ఇంటర్‌ఫేస్ అటాచ్ చేశాను. కన్సోల్‌లో అంతా బాగానే చూపిస్తోంది. కానీ ఆ ఐపీతో కనెక్ట్ అవ్వట్లేదు. ఎందుకు?" ఈ ఆర్టికల్‌లో దానికి జవాబు చూద్దాం. ముందు బేసిక్స్‌తో మొదలుపెడదాం.

ఈఎన్ఐలో ఏముంటుంది?

మామూలు కంప్యూటర్‌లో నెట్‌వర్క్ కార్డ్ అంటే మదర్‌బోర్డ్ మీద ఉండే ఒక చిప్. క్లౌడ్‌లో అది ఒక సాఫ్ట్‌వేర్ వస్తువు. దానికి సొంతంగా ఒక మ్యాక్ అడ్రస్, ఒక ప్రైమరీ ప్రైవేట్ ఐపీ ఉంటాయి. కావాలంటే సెకండరీ ఐపీలు కూడా ఇచ్చుకోవచ్చు. ఎలాస్టిక్ ఐపీ అనే పబ్లిక్ అడ్రస్‌ని కూడా దీనికే తగిలిస్తారు.

చాలామంది గమనించని విషయం ఇంకోటి ఉంది. సెక్యూరిటీ గ్రూప్ సర్వర్‌కి ఉంటుందని మనం అనుకుంటాం. నిజానికి అది ఉండేది ఈఎన్ఐకి. సర్వర్‌కి సెక్యూరిటీ గ్రూప్ పెట్టామంటే దాని మొదటి ఇంటర్‌ఫేస్‌కి పెట్టామని అర్థం. ఒక్క మాటలో చెప్పాలంటే, నెట్‌వర్క్ దృష్టిలో సర్వర్ గుర్తింపు సర్వర్‌లో లేదు, ఈఎన్ఐలో ఉంది.

దీనితో పనేంటి?

ఒక ఉదాహరణ చూద్దాం. మీ కంపెనీ సర్వర్ వీపీఎన్ ద్వారా ఒక బ్యాంక్ సిస్టమ్‌తో మాట్లాడుతోంది. బ్యాంక్ వాళ్లు తమ ఫైర్‌వాల్‌లో మీ సర్వర్ ప్రైవేట్ ఐపీ ఒక్కదాన్నే అనుమతించారు. ఓ రాత్రి ఆ సర్వర్ చచ్చిపోయింది. కొత్త సర్వర్ లేపడం నిమిషాల పని. కానీ దానికి కొత్త ఐపీ వస్తుంది. ఆ ఐపీని బ్యాంక్ వాళ్లు అనుమతించేదాకా పేమెంట్లు ఆగినట్టే. అదే ఆ ఐపీ రెండో ఈఎన్ఐ మీద ఉంటే, దాన్ని పాత సర్వర్ నుంచి డిటాచ్ చేసి స్టాండ్‌బై సర్వర్‌కి అటాచ్ చేస్తే చాలు. ఐపీ, మ్యాక్ అడ్రస్, సెక్యూరిటీ గ్రూప్ అన్నీ దాంతోపాటే వెళ్తాయి. మ్యాక్ అడ్రస్‌కి కట్టేసిన సాఫ్ట్‌వేర్ లైసెన్సులకి కూడా ఇదే పద్ధతి పనికొస్తుంది.

"రెండో" ఈఎన్ఐ అని ఎందుకన్నానంటే, సర్వర్‌తో పాటు పుట్టే మొదటి ఇంటర్‌ఫేస్‌ని డిటాచ్ చేయడం కుదరదు. కాబట్టి ముఖ్యమైన ఐపీని ముందే రెండోదాని మీద పెట్టుకోవాలి. సర్వర్ పోయాక ఆలోచిస్తే లాభం లేదు. ఇంకో మాట. కాపాడుకోవాల్సింది పబ్లిక్ ఐపీ మాత్రమే అయితే ఇంత అవసరం లేదు, ఎలాస్టిక్ ఐపీ ఒక్కటి మార్చుకుంటే సరిపోతుంది. అలాగే ఈఎన్ఐ మారితే అడ్రస్ వస్తుంది గానీ డేటా రాదు. అప్పటిదాకా నడుస్తున్న కనెక్షన్లు కూడా తెగిపోతాయి.

అటాచ్ చేసే ముందు రెండు రూల్స్

మొదటిది జోన్. ఈఎన్ఐ ఏదో ఒక సబ్‌నెట్‌లో పుడుతుంది. సబ్‌నెట్ ఒకే అవైలబిలిటీ జోన్‌లో ఉంటుంది. 2022 నవంబర్‌లో మొదలైన హైదరాబాద్ రీజియన్‌నే తీసుకోండి. దాని కోడ్ ఏపీ సౌత్ 2. ఇక్కడ ఏపీ అంటే ఆసియా పసిఫిక్, మన ఆంధ్రప్రదేశ్ కాదు! ఇందులో మూడు జోన్లున్నాయి. 2ఏ జోన్‌లో చేసిన ఈఎన్ఐని 2బీ జోన్‌లో ఉన్న సర్వర్‌కి అటాచ్ చేయలేరు. సబ్‌నెట్ వేరైనా పర్లేదు, జోన్ మాత్రం ఒకటే అయ్యుండాలి. అంటే జోన్ మొత్తం పడిపోతే ఈ ట్రిక్ మిమ్మల్ని కాపాడదు.

రెండోది లిమిట్. ఫోన్‌లో సిమ్ స్లాట్లు ఎన్నుండాలో కంపెనీ నిర్ణయించినట్టే, ఇక్కడ ఇన్‌స్టాన్స్ టైప్ నిర్ణయిస్తుంది. టీ3 మైక్రోకి 2 ఈఎన్ఐలు, ఒక్కోదానికి 2 ఐపీలు. టీ3 మీడియంకి 3 ఈఎన్ఐలు, ఒక్కోదానికి 6 ఐపీలు. ఎమ్5 లార్జ్‌కి 3 ఈఎన్ఐలు, ఒక్కోదానికి 10 ఐపీలు. ఏడబ్ల్యూఎస్ వారి కుబెర్నెటీస్ సర్వీస్ డీఫాల్ట్ సెట్టింగ్స్‌లో టీ3 మీడియం మెషీన్ మీద 17 పాడ్లే పట్టడానికి కారణం కూడా ఈ లిమిటే. ర్యామ్ మిగిలున్నా ఐపీలు అయిపోతాయి.

అటాచ్ చేయడం ఎలా?

ఈసీ2 కన్సోల్‌లో ఎడమవైపు మెనూలో నెట్‌వర్క్ ఇంటర్‌ఫేసెస్ ఓపెన్ చేయండి. క్రియేట్ నొక్కి సబ్‌నెట్, సెక్యూరిటీ గ్రూప్ సెలెక్ట్ చేయండి. ప్రైవేట్ ఐపీ మీరే ఇవ్వచ్చు, లేదా ఆటోమేటిక్‌గా తీసుకోనివ్వచ్చు. ఒక్కో సబ్‌నెట్‌లో 5 ఐపీలని ఏడబ్ల్యూఎస్ తన దగ్గరే ఉంచుకుంటుంది. అందుకే 256 అడ్రస్‌లున్న సబ్‌నెట్‌లో మనకి దక్కేవి 251. క్రియేట్ అయ్యాక యాక్షన్స్ మెనూలో అటాచ్ నొక్కి ఇన్‌స్టాన్స్‌ని సెలెక్ట్ చేయండి. అంతే, స్టేటస్ "అవైలబుల్" నుంచి "ఇన్ యూజ్"కి మారుతుంది. సర్వర్ నడుస్తుండగానే ఇదంతా చేయొచ్చు, ఆపాల్సిన పని లేదు.

అసలు చిక్కు: జవాబు ఏ దారిలో వెళ్తోంది?

ఇక ఆ డౌట్ సంగతికొద్దాం. మీ సర్వర్ మొదటి ఇంటర్‌ఫేస్ ఐపీ 10.0.1.10, రెండోదాని ఐపీ 10.0.2.20 అనుకుందాం. వేరే సబ్‌నెట్‌లో ఉన్న ఒక మెషీన్ 10.0.2.20కి ప్యాకెట్ పంపింది. అది రెండో ఇంటర్‌ఫేస్ నుంచి లోపలికి చక్కగా వచ్చింది. ఇప్పుడు లినక్స్ జవాబు పంపాలి. అది ప్యాకెట్ ఎటు నుంచి వచ్చిందో చూడదు. ఎక్కడికి వెళ్లాలో చూసి రూటింగ్ టేబుల్ వెతుకుతుంది. అక్కడ డీఫాల్ట్ రూట్ మొదటి ఇంటర్‌ఫేస్ వైపు ఉంటుంది. దాంతో 10.0.2.20 పేరు మీద రాసిన జవాబు మొదటి ఇంటర్‌ఫేస్ గుండా బయల్దేరుతుంది.

ఇక్కడ ఏడబ్ల్యూఎస్ అడ్డుపడుతుంది. ప్రతి ఈఎన్ఐకి సోర్స్ డెస్టినేషన్ చెక్ అనే కాపలా ఉంటుంది. "ఈ ప్యాకెట్ మీదున్న ఐపీ నాది కాదే" అని చూసి దాన్ని పడేస్తుంది. ఎర్రర్ మెసేజ్ ఏదీ రాదు. అవతలివాడికి టైమ్ అవుట్ మాత్రమే కనిపిస్తుంది. సిమ్ 2కి వచ్చిన మిస్డ్ కాల్‌కి సిమ్ 1 నుంచి తిరిగి చేస్తే, అవతలివాళ్లు ఎవరిదో తెలియని నంబర్ అని ఎత్తరు కదా, అలాగన్నమాట.

దీన్ని గుర్తుపట్టడానికి ఒక చిట్కా ఉంది. 10.0.2 సబ్‌నెట్‌లోనే ఉన్న మెషీన్ నుంచి కనెక్ట్ అయితే పనిచేస్తుంది, బయటి సబ్‌నెట్ నుంచి అయితే పనిచేయదు. ఎందుకంటే సొంత సబ్‌నెట్‌కి లినక్స్ దగ్గర నేరుగా రూట్ ఉంటుంది. ఈ తేడా కనిపించిందంటే సెక్యూరిటీ గ్రూప్ మీద అనుమానం పక్కనపెట్టి రూటింగ్ చూడండి.

పరిష్కారం పాలసీ రూటింగ్. రెండో ఇంటర్‌ఫేస్ కోసం వేరే రూటింగ్ టేబుల్ చేసి, దాని డీఫాల్ట్ రూట్‌గా 10.0.2.1 గేట్‌వేని పెట్టాలి. తర్వాత "సోర్స్ ఐపీ 10.0.2.20 అయితే ఈ టేబుల్ వాడు" అని ఒక రూల్ రాయాలి. ఐపీ రూట్, ఐపీ రూల్ అనే రెండు కమాండ్లతో ఇది అయిపోతుంది. కానీ కమాండ్‌తో పెట్టినవి రీబూట్ చేస్తే పోతాయి. అందుకే నెట్‌వర్క్ కాన్ఫిగ్ ఫైల్‌లో కూడా రాసి పెట్టుకోండి. అమెజాన్ లినక్స్ అయితే తనలో ఉన్న టూల్‌తో ఇదంతా ఆటోమేటిక్‌గా చేసుకుంటుంది. అందుకే అక్కడ పనిచేసిన సెటప్ వేరే లినక్స్ మీద ఆగిపోతే కంగారు పడకండి. సోర్స్ డెస్టినేషన్ చెక్ ఆపేస్తే పోలా అనిపించొచ్చు. అది నాట్ సర్వర్, రూటర్ లాంటి పనులు చేసే మెషీన్లకి ఉద్దేశించిన స్విచ్. మామూలు సర్వర్‌కి అది మందు కాదు.

ఇవి కూడా గుర్తుంచుకోండి

స్పీడ్: రెండో ఈఎన్ఐ పెడితే బ్యాండ్‌విడ్త్ రెట్టింపు అవ్వదు. స్పీడ్ లిమిట్ ఇన్‌స్టాన్స్ మొత్తానికి ఒక్కటే.

పబ్లిక్ ఐపీ: రెండు ఇంటర్‌ఫేస్‌లున్న సర్వర్‌ని స్టాప్ చేసి స్టార్ట్ చేస్తే ఆటోమేటిక్ పబ్లిక్ ఐపీ మళ్లీ రాదు. మీరు లాగిన్ అయ్యేది దాంతోనే అయితే బయటే నిలబడిపోతారు. ముందే ఎలాస్టిక్ ఐపీ పెట్టుకోండి.

ఖర్చు: ఈఎన్ఐకి విడిగా చార్జ్ లేదు. కానీ 2024 ఫిబ్రవరి 1 నుంచి ప్రతి పబ్లిక్ ఐపీవీ4 అడ్రస్‌కి గంటకి 0.005 డాలర్లు పడుతోంది. 30 రోజులకి 3.6 డాలర్లు.

డిలీట్: మీరు విడిగా చేసి అటాచ్ చేసిన ఈఎన్ఐ, సర్వర్‌ని టెర్మినేట్ చేసినా మామూలుగా డిలీట్ అవ్వదు. ఫెయిలోవర్‌కి మనకి కావాల్సింది అదే. ప్రాక్టీస్ కోసం చేసినవైతే మాత్రం గుర్తుపెట్టుకుని తీసేయండి.

ప్రాక్టీస్‌కి రెండు టీ3 మైక్రో మెషీన్లు చాలు. ఒకే జోన్‌లో రెండూ లేపి, ఒకదానికి రెండో ఈఎన్ఐ తగిలించండి. బయటి సబ్‌నెట్ నుంచి కనెక్ట్ అయి చూసుకోండి. తర్వాత మొదటి మెషీన్‌ని ఆపేసి ఆ ఈఎన్ఐని రెండోదానికి మార్చండి. కొత్త మెషీన్‌లో కూడా రూటింగ్ రూల్స్ సిద్ధంగా ఉన్నాయా లేదా అన్నది అప్పుడే బయటపడుతుంది. అది నిజంగా సర్వర్ పడిపోయిన రాత్రి బయటపడటం కంటే ఇప్పుడే తెలియడం నయం.