గది లోపల ఎగిరే నమూనా విమానం: తేలికైన పొర

ఈ పాఠం చదివిన తరువాత మీరు
- విమానం రెక్కపై పొర చేసే పనిని వివరించగలుగుతారు.
- ఒక పొర చదరపు మీటరుకు ఎంత బరువుంటుందో లెక్కకట్టగలుగుతారు.
- చట్రం మెలి తిరగకుండా పొరను అతికించగలుగుతారు.

1. పొర చేసే పని

మీరు ఎప్పుడో ఒకప్పుడు గాలిపటం తయారుచేసే ఉంటారు. దానికి కాగితాన్ని బిగుతుగా, గట్టిగా అతికిస్తాం. ఎందుకంటే అది బయటి గాలి తాకిడికి తట్టుకోవాలి. రబ్బరు మెలితో ప్రొపెల్లరు తిరిగే చిన్న విమానాన్ని తలుపులు మూసిన హాలులో ఎగురవేస్తే గాలి తాకిడి ఉండదు. అక్కడ పొరకు ఉన్న పని ఒక్కటే: రెక్క కింది గాలి పైకి జారిపోకుండా ఆపడం. ఆ పనికి అవసరమైన దానికంటే ఎక్కువ ఉన్న బరువంతా విమానానికి భారమే. అందుకే ఇలాంటి రెక్కకు పైభాగాన మాత్రమే పొర వేస్తారు, కిందిభాగాన్ని ఖాళీగా వదిలేస్తారు.

2. బరువు ఎందుకు ముఖ్యం?

బరువు పెరిగితే విమానం మరింత వేగంగా ఎగిరితేనే గాలిలో నిలుస్తుంది. రెక్క వైశాల్యం మారకుండా బరువు రెట్టింపైతే, ఎగరడానికి కావలసిన శక్తి రెట్టింపుతో ఆగదు, దాదాపు 2.8 రెట్లవుతుంది. రబ్బరులో నిలవ ఉన్న శక్తి మాత్రం అంతే. కనుక విమానం త్వరగా కిందికి దిగిపోతుంది.

అంతర్జాతీయ పోటీలలో ఎఫ్1డి అనే తరగతి ఉంది. అందులో రెక్క పొడవు 55 సెం.మీ. మించరాదు. రబ్బరు కాక విమానం బరువు కనీసం 1.4 గ్రాములు ఉండాలి. ఇలాంటి విమానాలు రొమేనియాలోని స్లానిక్ ఉప్పు గని వంటి ఎత్తయిన చోట్ల 20 నిమిషాలకు పైగా ఎగిరాయి. అంతసేపు నిలవడానికి ఒక ముఖ్య కారణం వాటి పొర తేలికదనం.

3. ఏ పొరను ఎంచుకోవాలి?

మీ రెక్క పొడవు 45 సెం.మీ., వెడల్పు 10 సెం.మీ. అనుకుందాం. వైశాల్యం 450 చ.సెం.మీ., అంటే 0.045 చ.మీ. దానిపై వేసే పొరల బరువు ఇలా ఉంటుంది:

రాత కాగితం (చ.మీ.కు 60 గ్రా.): 2.7 గ్రా.
జపనీస్ టిష్యూ కాగితం (చ.మీ.కు సుమారు 12 గ్రా.): 0.54 గ్రా.
10 మైక్రాన్ల పాలిథీన్ (చ.మీ.కు సుమారు 9.5 గ్రా.): 0.43 గ్రా.
2 మైక్రాన్ల పాలియెస్టర్ పొర (చ.మీ.కు సుమారు 2.8 గ్రా.): 0.13 గ్రా.

రెక్క పొర కాక మిగిలిన విమానమంతా 4 గ్రాములు ఉందనుకోండి. టిష్యూతో మొత్తం 4.54 గ్రా. అవుతుంది. రాత కాగితంతో 6.7 గ్రా. అవుతుంది. అప్పుడు సుమారు 1.8 రెట్ల శక్తి కావాలి. పాలియెస్టర్ పొర వాడితే టిష్యూ కంటే శక్తి సుమారు 13 శాతం ఆదా అవుతుంది. అయితే ఆ పొర వేళ్లకు అంటుకుంటుంది, తేలికగా చిరుగుతుంది. కాబట్టి మొదటి విమానానికి టిష్యూ చాలు.

పూర్వం నైట్రోసెల్యులోజ్ ద్రావణాన్ని నీటిపై పోసి, పరుచుకున్న పొరను తీగ చట్రంతో పైకి తీసేవారు. దీనిని మైక్రోఫిల్మ్ అంటారు. సబ్బు బుడగపై కనిపించే రంగుల వంటివే దానిపైనా కనిపిస్తాయి. ఆ రంగులను బట్టి మందాన్ని అంచనా వేసేవారు. ఈ ద్రావణం సులభంగా అంటుకుని మండుతుంది. ఇంట్లో ప్రయత్నించకండి.

కృత్యం: మీ ఊళ్లో దొరికే గాలిపటం కాగితాన్ని 10 సెం.మీ. × 10 సెం.మీ. ముక్కలుగా పది కత్తిరించండి. పదింటినీ కలిపి బంగారం కొట్టులో తూయించండి. వచ్చిన గ్రాములను 10తో హెచ్చించండి. అదే చదరపు మీటరు బరువు. చూడటానికి పలచగా ఉన్నదల్లా తేలిక కాదు. తూచి చూసిన తరువాతే నిర్ణయించుకోండి.

4. అతికించే పద్ధతి

(అ) కాగితం మూలను చించి చూడండి. ఏ దిశలో నేరుగా చిరుగుతుందో అదే పోగు దిశ. పోగు రెక్క పొడవు వెంబడి ఉండాలి.

(ఆ) టిష్యూ తడిసి ఆరితే ముడుచుకుంటుంది. రెక్కకు అతికించాక ముడుచుకుంటే సన్నని బాల్సా పుల్లలను లాగి మెలితిప్పుతుంది. కనుక ముందే కాగితాన్ని అట్ట చట్రానికి అంచుల వెంట అతికించి, నీటి తుంపర చల్లి ఆరనివ్వండి. ఇలా రెండుసార్లు చేయండి. ఆ తరువాత కాగితం అంతగా ముడుచుకోదు.

(ఇ) పలచని మైదా జిగురును రెక్క ముందంచుకు, వెనకంచుకు, చివరి పుల్లలకు మాత్రమే సన్నగా పూయండి. జిగురుకూ బరువుంటుందని మరవకండి. పాలిథీనుకు మైదా జిగురు అంటదు. దానికి పంచర్లు వేసే రబ్బరు సొల్యూషన్‌ను పలచగా వాడండి. అది త్వరగా అంటుకుంటుంది కాబట్టి దీపానికి, పొయ్యికి దూరంగా, కిటికీ తెరిచి పనిచేయండి.

(ఈ) కాగితాన్ని రెక్క మధ్య నుంచి చివరలకు మెల్లగా పరచండి. ముడతలు తీయండి గాని లాగకండి. పొర కాస్త వదులుగా ఉన్నా విమానం ఎగురుతుంది. రెక్క మెలి తిరిగితే మాత్రం విమానం ఒక పక్కకు ఒరిగిపోతుంది. రెక్క మధ్యలో వంపు ఉంటే రెండు భాగాలకూ విడివిడిగా పొర వేయండి.

(ఉ) ఆరిన తరువాత కొత్త బ్లేడుతో అంచులు కోయండి. రెక్కను వెనుక నుంచి కంటికి ఎదురుగా పట్టి చూడండి. రెండు వైపులా సమానంగా కనిపిస్తే మీ పని సరిగా జరిగినట్లే.

మిమ్మల్ని మీరు పరీక్షించుకోండి

1. పై కృత్యంలో పది ముక్కల బరువు 1.8 గ్రా. వస్తే, 450 చ.సెం.మీ. రెక్కకు పొర బరువెంత?
2. టిష్యూను ముందే తడిపి ఆరబెట్టడం ఎందుకు?

జవాబులు: 1. చ.మీ.కు 18 గ్రా.; రెక్కకు 0.81 గ్రా. 2. అతికించాక ముడుచుకుని చట్రాన్ని మెలితిప్పకుండా ఉండటానికి.